గులాం సాబ్ పై సురు

ఫిబ్రవరి 17, సోమవారం

ఏటా కంపెనోళ్ళు డైరీ ఇస్తరు, ఏటా అది అల్మారిల పడ్తది. ఈసారి తీసిన. వాట్సాప్ గ్రూపుల చెప్పే ముందు నాకు నేను ఒకసారి చెప్పుకోవాలె అనిపించింది. పేజీ కింద సేఫ్టీ మాటలు అచ్చేసిన్రు, "మీ భద్రత మీ చేతుల్లోనే" అని. మంచిదే.

నిన్న ఇస్నాపూర్ల పెండ్లి, సత్తయ్య బ్యాండు. మా సెక్షన్ వసీం, నేను పొద్దుగాలనే పోయినం. రామచంద్రాపురం నుంచి నరసరాజు గారు గూడ వచ్చిండు. పెండ్లి ఎవరిదో మాకు తెల్వదు, పిలుపు లేదు, భోజనం మాట అసలే లేదు. మాకు పెండ్లితోని ఏం పని, బ్యాండుతోని పని. ఎప్పటిలెక్కనే రోడ్డుకు ఎడమ దిక్కు, క్లార్నెట్ ఉండే దిక్కు నిలవడ్డం.

అప్పగింతల కాడ క్లార్నెట్ మీద వాయించే ధున్ అంటే గులాం సాబే. ముప్పై ఏండ్ల సంది పటాన్‌చెరు సంగారెడ్డి నడుమ ఎంతమంది పెండ్లిపిల్లలు ఆయన పై సురు మీద కారెక్కిన్రో. పిల్ల కారు కాడికి రాంగనే మెల్లగ పైకి పోతడు, పోయి ఆ ఒక్క సురు మీద, అన్నిటికన్న సన్నటి పై స్వరం మీద, నిలవడ్తడు. కారు తలుపు పడేదాక దించడు. తల్లి ఎంతసేపు పట్టుకుంటే అంతసేపు. ఒకసారి ముత్తంగిల పిల్ల మేనత్త తలుపు ఇడవకపాయె, ఈయన సురు ఇడవకపాయె. ఆకర్కి మేనత్తనే ఓడింది.

నిన్న నిలవడలే. సగం దాక పోయిండు, ఆ తర్వాత డోలు సప్పుడే ఉన్నది. చెంపలు ఉబ్బినయ్, వేళ్ళు పైననే ఉన్నయ్, సురు మాత్రం లేదు. తలుపు పడేదాక ఒట్టి గాలి ఊదిండు పాపం. అరవై దాటినయ్ గదా.

వసీం కండ్లు తుడుసుకుంటున్నడు. ఆయనకు ఏం ఇనవడ్డదో ఏమో.

ఫిబ్రవరి 18

పంపిన. నలభై సెకన్ల వాయిస్. మూడుసార్లు చేసి మూడోది పంపిన, మొదటి రెండిట్ల గొంతు జెర కోపంగ ఉండె.

"దోస్తులారా, గులాం సాబ్ అంటే నాకు పానం. గానీ ఉన్న మాట చెప్పాలె. పై సురు పోయింది. ఇస్నాపూర్ల గాలే వచ్చింది. పెద్దమనిషి ఇజ్జత్‌తోని పక్కకు జరిగితే బ్యాండుకు మంచిది, ఆయనకు మంచిది."

బాజా దోస్తులు గ్రూపుల రెండువందల మంది ఉన్నరు. మాలెక్క బ్యాండు పిచ్చోళ్ళు, ఫంక్షన్ హాలు మేనేజర్లు, బ్యాండ్లు మాట్లాడిచ్చేటోళ్ళు, బ్యాండ్లోళ్ళు గూడ. పెండ్లి అయిన తెల్లారి నా తీర్పు కోసం సూస్తరు. ఊకె సూడరు. ఆరేండ్ల కింద కంది ఊర్ల పెండ్లి బరాత్‌ల మూడు ట్రంపెట్లు ఒక్కసారి మోగుతుంటే ఏది తప్పు పోతుందో కండ్లు మూసుకోని చెప్పిన. ఆ సంది నా చెవి అంటే చెవి.

నరసరాజు గారు రాసిండు: "నాకైతే బాగానే వినిపించినట్టుందండీ. అయినా మీ చెవి ముందు మా చెవి ఎంత లెండి." ఆయన భీమవరం దిక్కు మనిషి, గట్టిగ కాదు అనడు.

వసీం ఏం రాయలే.

ఫిబ్రవరి 19

కంపెనీ బస్సుల కొట్లాట అయ్యింది.

మాకు బస్సుల రోజూ కొట్లాటనే. పటాన్‌చెరుల ఎక్కంగ మొదలైతే గడ్డపోతారం కంపెనీ గేటు కాడ ఆగుతది. సత్తయ్య బ్యాండు గొప్పదా, సదాశివపేట దర్బార్ బ్యాండు గొప్పదా. వసీంకు మర్ఫా డోళ్ళు ఇష్టం, మర్ఫా కొడుతుంటే ముసలోళ్ళు గూడ చేతుల కర్రలు పట్టి ఎగురుతరు అంటడు. నాకు మర్ఫా అంటే సప్పుడు, సంగీతం కాదు. క్లార్నెట్ ఏడ్వాలె అంటడు వసీం. ఏడ్సేటందుకు పెండ్లి పిల్ల ఉన్నది, క్లార్నెట్ సాఫ్‌గ ఉండాలె అంట నేను. డీజే మాట వస్తే మాత్రం ఇద్దరం ఒక్కటైతం. పదేండ్లు గిట్లనే నడిసింది.

ఇయ్యాల గట్ల కాదు. ఎక్కంగనే అన్నడు, "చంద్రన్నా, నీ చెవికి ఏమన్న అయ్యిందా?"

బస్సు మొత్తం ఇన్నది.

"ఆయన తలుపు పడేదాక పట్టిండు. నేను పక్కనే ఉన్న. నువ్వు నా పక్కనే ఉన్నవ్. ఆ వాయిస్ తీసెయ్యి భాయ్, పెద్దమనిషి రోటీ పోతది."

నా చెవి మాట ఎత్తుతడా. పౌడరు నూరే మిల్లింగ్ సెక్షన్‌ల పదకొండేండ్ల సంది చేస్తున్న. చెవులకు సప్పుడు ఆపే మఫ్‌లు పెట్టుకోకుంట, మిల్లు సప్పుడును బట్టి పౌడరు ఏడ ఇరుక్కుందో చెప్పేటోన్ని నేనొక్కన్నే. వసీం గూడ నన్ను అడిగే మిల్లు బటన్ బందు చేస్తడు.

నేను గూడ ఒక మాట అన్న. రాసుడు ఎందుకు. కోపంల అన్న.

వసీం లేసి ఎనక సీటుల పోయి కూసున్నడు.

ఫిబ్రవరి 24

సత్తయ్య ఫోన్ చేసిండు. రుద్రారం పెండ్లి పార్టీ నా వాయిస్ ఇన్నరంట, ముసలాయన క్లార్నెట్ అయితే మాకొద్దు అన్నరంట.

"చంద్రకాంత్, నేను డోలు సప్పుడు కింద ఉంట. నాకు పైది ఏం తెలుస్తది. నువ్వు చెప్పు, నిజంగ పోయిందా?"

వసీం అన్నది యాదికొచ్చింది. యాదికి రాంగనే మల్ల కోపమొచ్చింది.

"పోయింది సత్తయ్యన్నా," అన్న.

"నీ చెవి మీద నాకు నమ్మకం," అన్నడు. జహీరాబాద్ నుంచి ఒకాయన్ని తెస్తున్నడంట.

నేను తీసెయ్యుమని చెప్పలే. అడిగితే చెప్పిన.

మార్చి 1

వసీం గ్రూపులకెల్లి ఎల్లిపోయిండు.

మార్చి 9

పాశమైలారం దగ్గర పెండ్లి. జహీరాబాద్ ఆయన మొదటిసారి అప్పగింతలు వాయించిండు. ఆయనకు గూడ పై సురు లేదు. సగం దాక పోతడు, ఆ తర్వాత గాలే. ఈ కాలంల ఎవ్వరికీ దమ్ము లేదు, అందరు సిగరెట్లు, గుట్కాలు.

నరసరాజు గారు నా చెయ్యి పట్టుకున్నడు. "ఈయన భలే పైకి వెళ్ళాడండీ, గులాం గారంత తీపి లేదు గానీ."

ఆయనకు డెబ్బై. నవ్వి ఊకున్న.

వసీం రాలే. ఒక్కన్నే నిలవడితే బ్యాండు గూడ బ్యాండులెక్క లేదు. ఎవనితోని కొట్లాడాలె.

మార్చి 23

మా ఇంటామె సునంద వంటింట్లకెల్లి ఒర్లుతుంది. "ఇన్వర్టర్ గంట సంది పీ పీ అంటుంది, పక్కనే కూసున్నవ్, బందు చెయ్యరాదా?"

ఏడ పీ పీ అంటుంది. ఆమెకు అన్ని ఇనవడ్తయ్.

ఏప్రిల్ 7

చెవుల పరీక్ష ఉండె ఇయ్యాల. క్యాంటీన్ పక్కకు వ్యాన్ వచ్చింది.

ఫెయిల్.

ఏప్రిల్ 8

ఇయ్యాల అంత రాస్త.

ఆ వ్యాన్‌ల ఒక చిన్న గది ఉంటది, దానికి అద్దం. లోపల కూసోని చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకోవాలె. సప్పుడు ఇనవడితే చేతుల ఉన్న బటన్ ఒత్తాలె. బయట మిషన్ మీద, సప్పుడు ఇచ్చినప్పుడల్ల చిన్న లైటు ఎలుగుతది. మా సెక్షనోళ్ళకు ఒక పద్ధతి ఉన్నది. లైన్ల ఎనక ఉన్నోడు టెక్నీషియన్ ఎనక నిలవడి లైటు సూస్తడు, ఎలగంగనే వేలు లేపుతడు. లోపలున్నోడు అద్దంలకెల్లి వేలు సూసి ఒత్తుతడు. మోసం అని ఎవ్వలం అనుకోలే. జల్దీ అయిపోతది, చాయ్‌కి పోవచ్చు. ఫెయిలైతే మిల్లింగ్‌లకెల్లి తీసి గోదాంల ఏస్తరు, గదొక భయం.

నాకు ఎప్పుడు వేలు లేపేది వసీమే. ఆయనకు నేను లేపేది.

నిన్న వసీం నా ఎనక నిలవడలే. వేరే షిఫ్టోళ్ళతోని పోయిండు. నా ఎనక ఎవ్వరు లేరు. అద్దంల నా మొకమే ఉన్నది. ఏమైతది, నా చెవులకేంది అనుకోని కూసున్న. సప్పుళ్ళు వచ్చినయ్, ఒత్తిన. తర్వాత ఆగిపోయినయ్. అయిపోయిందనుకోని హెడ్‌ఫోన్ తీస్తుంటే టెక్నీషియన్ అద్దం కొట్టి ఉంచుమన్నడు. మల్ల పెట్టుకున్న. మస్తుసేపు కూసున్న. ఏం రాలే.

డాక్టర్ మేడమ్ కాగితం సూపిచ్చింది. గీత సగం దాక సక్కగ వచ్చి, అటెన్క మెట్లు దిగినట్టు కిందికి పోయింది. పక్కన నా పాత కాగితాలు పెట్టింది. నాలుగేండ్లయి, నాలుగు సక్కటి గీతలు.

"ఒక్క ఏడాదిలో ఇంత పడదు," అన్నది. "సన్నటి శబ్దాలు, పై శబ్దాలు మీకు చాలా ఏళ్ళ నుంచి వినపడి ఉండవు. మామూలు మాటలు వినపడతాయి కాబట్టి మీకు తెలియలేదు. ఇది తిరిగి రాదు. నెలకు మళ్ళీ పరీక్ష చేద్దాం."

పై శబ్దాలు అన్నది. ఆమెకు క్లార్నెట్ గురించి తెల్వదు.

ఇంటికొచ్చి ఫోన్ల ఇస్నాపూర్ రికార్డింగ్ తీసిన. సునందను కూసోబెట్టిన. ఆమెకు బ్యాండంటే గిట్టదు, ముక్కు ఇరిసింది.

"పీపీ సప్పుడు పైకి పోయినప్పుడు చెయ్యి లేపు. ఆగిపోంగనే దించు. గంతే," అన్న.

పెట్టిన. ధున్ మొదలైంది, నాకు ఇనవడుతుంది. మెల్లగ పైకి పోతున్నడు, ఇనవడుతుంది. గాడ ఆగిపోయింది, డోలు మిగిలింది.

సునంద చెయ్యి లేపింది.

"ఉన్నదా?" అన్న.

"ఉన్నది."

డోలు కొడుతున్నడు. పిల్ల తల్లి ఏడుస్తుంది.

"ఇంక ఉన్నదా?"

"ఉన్నది అంటున్న గదా. మస్తు సన్నగున్నది, తీగ లాగినట్టు. మంచిగనే ఉన్నదయ్యా గిది."

ఆమె చెయ్యి నొచ్చి ఇంకో చేత్తోని పట్టుకున్నది. కారు తలుపు పడ్డ సప్పుడు నాకు సాఫ్‌గ ఇనవడ్డది. గప్పుడు దించింది.

"ఎందుకు గట్ల సూస్తున్నవ్?" అన్నది.

ఏప్రిల్ 20, ఆదివారం

పన్నెండు దినాలు పట్టింది పోనీకె. డ్యూటీ ఉండె. ఉండె గానీ ఒకటి రెండు దినాలు లేకుండె గూడ.

గులాం సాబ్ కొల్లూరు డబుల్ బెడ్‌రూం కాలనీల ఉంటడు, తొమ్మిదో అంతస్తు. ఇప్పుడు రింగురోడ్డు పక్కన అపార్ట్‌మెంట్ గేటు కాడ వాచ్‌మన్ డ్యూటీ చేస్తున్నడు. నీలం చొక్క మీద కంపెనీ బిళ్ళ. బ్యాండు ఎర్రకోటుల సూసిన మనిషిని గట్ల సూడలేకపోయిన.

సాబ్ ఇంటామె గౌసియా బేగం చాయ్ తెచ్చింది. గ్లాసు నా ముందర కొట్టినట్టు పెట్టింది. ఆ వాయిస్ ఆమె గూడ ఇన్నట్టున్నది.

"ఎట్లున్నరు సాబ్?" అన్న.

"అల్లా దయ. కూసునే నౌకరీ. గేటు తీసుడు, గేటు ఏసుడు."

చెప్పాలె అని నోరు తెరిసిన. "సాబ్, నేను గప్పుడు తప్పు చెప్పిన. మీరు మంచిగనే వాయించిన్రు. సత్తయ్యకు చెప్పి మల్ల..." అని ఏందేందో అన్న. చెవుల సంగతి మాత్రం నోట్లకెల్లి రాలే.

ఆయన లేసి అల్మారి మీదికెల్లి పెట్టె దించిండు. దాని మీద దుమ్ము ఉండె, తువ్వాలుతోని తుడిసిండు. క్లార్నెట్ జోడించి, మూతి కాడి రీడు నోట్ల తడిపి, "పక్కోళ్ళు ఒర్లుతరు, మెల్లగ వాయిస్త, ఇను," అన్నడు.

అప్పగింతల ధున్ ఎత్తిండు. కింది నుంచి మెల్లగ. నాకు ఏడుపొచ్చింది. పైకి పోతున్నడు. నాకు ఆగిపోయింది. ఆయన వేళ్ళు మాత్రం పైననే ఆడుతున్నయ్, చెంపలు ఉబ్బి ఉన్నయ్. నేను తల ఊపిన. కండ్లు మూసుకోని "వాహ్ సాబ్, వాహ్" అన్న.

కండ్లు తెరిసేసరికి క్లార్నెట్ ఒళ్ళె ఉన్నది.

"నేను ఊదలేదు చంద్రకాంత్," అన్నడు. "ఊకె వేళ్ళు ఆడించిన."

గౌసియా బేగం దర్వాజ కాడ నిలవడ్డది. నాకు భూమి పగిలి లోపలికి పోతే బాగుండు అనిపించింది. తప్పు ఒప్పుకునేటందుకు వచ్చి, ఒప్పుకునే కాడ గూడ మోసమే చేసిన.

"ఎన్ని దినాల సంది?" అన్నడు.

అంత చెప్పిన. వ్యాన్, వేలు, సునంద చెయ్యి. ఆయన తిట్టలే. తిడితే బాగుండు.

"గ్రూపుల చెప్త సాబ్. అందరికి చెప్త," అన్న.

"వద్దు. కంపెనీల తెలిస్తే నిన్ను తీసి ఏడనో ఏస్తరు. ఇల్లు కిరాయి, పిల్లల చదువు ఉన్నది నీకు. నాకేంది, గేటు ఉన్నది." పెట్టె మూస్తూ అన్నడు, "రోజూ ఊదకపోతే పెదవి మెత్తబడ్తది బేటా. ఈ డ్యూటీకెల్లి వచ్చినంక ఊదబుద్ది గూడ కాదు. వచ్చినవ్ గదా, చాలు."

కింది దాక లిఫ్టుల దింపిండు.

ఏప్రిల్ 21

ఆయనే వద్దన్నడు.

మే 9

మల్ల చెవుల పరీక్ష. మా సెక్షన్‌ల పవన్‌కుమార్‌ను నా ఎనక నిలవడుమన్న. వేలు లేపుమన్న.

పాస్. డాక్టర్ మేడమ్ కాగితం కిందికి మీదికి సూసింది. "విచిత్రంగా ఉంది," అన్నది.

మే 25

సత్తయ్య బ్యాండు పెండ్లి సంగారెడ్డిల. గ్రూపుల తీర్పు అడిగిన్రు. "బాగుంది" అని రాసిన. ఇంకేమన్న రాయుమన్నరు. కింది సుర్ల గురించి రాసిన.

జూన్ 8

గులాం సాబ్‌కు ఫోన్ చేద్దామనుకున్న. చేసి ఏమనాలె. ఆయనే వద్దన్నడు గదా.

జూన్ 26

వాన. బస్సుల సీట్లు లేవు. నా పక్క సీటే ఖాళీ. వసీం వచ్చి కూసున్నడు. నాలుగు నెలల తర్వాత.

బొల్లారం దాటినంక మొకం కిటికి దిక్కు పెట్టి అన్నడు, "పాసైనవంట."

"అయిన."

"ఎవరు లేపిన్రు వేలు?"

నేను సంచి ఒళ్ళెకు గుంజుకున్న.

"నాలుగేండ్లు నేనే గదా లేపింది. ఒక్కసారన్న నువ్వు నా వేలు కన్న ముందు ఒత్తుతవేమో అని సూసిన చంద్రన్నా. ఒత్తలే. నాకు తెల్సు. నేను చెప్తే నీ నౌకరీ పోతదని ఊకున్న." గొంతు తగ్గించిండు, నేను జెర ఒంగితేనే ఇనవడ్డది. "బస్సుల గందుకే అడిగిన, నీ చెవికి ఏమన్న అయ్యిందా అని. నువ్వేమన్నవ్?"

నేనేమన్ననో గప్పుడు ఈ డైరీల రాయలే. ఇప్పుడు రాస్త. "నువ్వు మీవోడని మాట్లాడుతున్నవ్," అన్న. పదేండ్లు ఒక్క డబ్బాల తిన్నోన్ని, బక్రీద్‌కు వాళ్ళింట్ల, దసరాకు మా ఇంట్ల. బస్సుల అందరి ముందర మీవోడు అన్న. ఆయన సురు గురించి చెప్తుంటే నేను మతం ఎత్తిన. చెవులు మిల్లుల పోయినయ్, గీ బుద్ది ఏడ పోయిందో.

"తప్పయింది వసీం," అన్న.

"నాకు చెప్పకు," అన్నడు. "ఆయనకు గూడ ఇప్పుడు చెప్పుడుతోని ఏం రాదు. ఏడ చెడగొట్టినవో గాడ చెప్పు."

"ఆయనే వద్దన్నడు."

వసీం మొదటిసారి నా దిక్కు తిరిగిండు. "ఆయన పెద్దమనిషి గాబట్టి వద్దన్నడు. నువ్వు ఎందుకు ఒప్పుకున్నవ్?"

గేటు వచ్చింది, దిగినం.

జూలై 13, ఆదివారం

ఇంక పదిహేడు దినాలు పట్టింది. గింత పిరికోన్ని అనుకోలే.

సునందకు ముందు చెప్పిన. గోదాంల ఏస్తరు, ఓవర్‌టైం పైసలు ఉండయ్ అన్న. ఆమె బియ్యం ఏరుకుంట, "నువ్వు ఇంట్ల పిలిస్తే పలుకవ్, పొగరనుకున్న ఇన్నేండ్లు. చెవులని ముందే చెప్తే నేను తిట్టకపోదును గదా," అన్నది. అటెన్క, "పంపు," అన్నది.

వాయిస్ పెట్టలే. నా గొంతు నాకు సరిగ ఇనవడ్తలేదు, ఎట్లుంటదో ఏమో. మొదటి పరీక్ష కాగితం ఫొటో పెట్టి కింద రాసిన.

"నేను చంద్రకాంత్. ఇది నా చెవుల కాగితం. పై సుర్లు నాకు ఏండ్ల సంది ఇనవడ్తలేవు. ఇస్నాపూర్ల గులాం సాబ్ తలుపు పడేదాక పట్టిండు. పోయింది ఆయన సురు కాదు, నా చెవి. నేను వసీంను గూడ అనరాని మాట అన్న. మే నెల పరీక్షల నేను మోసం చేసి పాసైన. ఇగ నా తీర్పు ఎవ్వరు ఇనొద్దు."

అందరి కన్న ముందు, గంట తర్వాత, నరసరాజు గారు రాసిండు: "ఆ రోజు నాకు వినిపించిందండీ. మీరు కాదన్నారని నేను కూడా కాదనుకున్నాను. నా తప్పు కూడా ఉంది."

జూలై 16

గోదాం. డబ్బాలు, స్టిక్కర్లు. సప్పుడు లేదు. మేనేజర్ పిలిసి ఒక కాగితం మీద సంతకం తీసుకున్నడు, పరీక్షల మోసానికి. ఇంకొకసారి అయితే ఇంటికే అన్నడు.

సత్తయ్య ఫోన్ చేసిండు. "గప్పుడు నీ మాట ఇని తీసేసిన, గిప్పుడు నీ మాట ఇని పెట్టుకుంటున్న. నేనెంత బేకార్ మాస్టర్నో సూడు." జహీరాబాద్ ఆయన మిగిలిన పాటలు వాయిస్తడంట, అప్పగింతలు మాత్రం గులాం సాబ్‌కే. శ్రావణంల మొదటి ముహూర్తం పటేల్‌గూడల.

మస్తు ఖుషీ అయిన. చేసింది సరిచేసిన అనుకున్న.

ఆగస్టు 14

నిన్న పటేల్‌గూడ. గ్రూపోళ్ళు ముప్పై మంది దాక వచ్చిన్రు. వసీం వచ్చిండు. నరసరాజు గారు తెల్ల అంగీ ఏసుకోని వచ్చిండు, ఆయన ఇంట్ల పెండ్లిలెక్క.

"నువ్వు ఎడమ దిక్కు నిలవడు," అన్నడు వసీం. "నేను అటు నిలవడ్త, నీ ఎదురుంగ. పై సురు ఎత్తంగ వేలు లేపుత. దించేదాక దించ. వ్యాన్ల లెక్క."

చెయ్యి నా భుజం మీద ఏసి తీసిండు. గది చాలు నాకు.

గులాం సాబ్ ఎర్రకోటుల వచ్చిండు. కోటు జెర వదులైంది. నన్ను సూసి తల ఊపిండు. బరాత్ పాటలన్ని జహీరాబాద్ ఆయన నడిపిచ్చిండు, గులాం సాబ్ పక్కన కింది సుర్లు పట్టుకుంట ఉన్నడు. దమ్ము దాసుకుంటున్నడు అని నరసరాజు గారు నా చెవి కాడ గట్టిగ చెప్పిండు.

అప్పగింతలైనయ్. పిల్ల తల్లి మెడ పట్టుకోని కారు కాడికి వచ్చింది. గులాం సాబ్ ముందరికి వచ్చి ధున్ ఎత్తిండు. కింది సుర్లు నాకు ఇనవడ్డయ్, ముందటి లెక్కనే తీపి. మెల్లగ పైకి పోయిండు. నాకు ఆగే కాడ ఆగింది. ఆయన వేళ్ళు పైకి పోయినయ్, చెంపలు ఉబ్బినయ్, మెడ నరాలు లేసినయ్.

నేను వసీం దిక్కు సూసిన.

వసీం చెయ్యి నడుం కాడ ఉన్నది. వేలు సాపి తయారుగ పెట్టుకున్నడు. లేపుతలేడు.

ఇంక పైకి పోలేదేమో అనుకున్న. పిల్ల ఒక కాలు కార్ల పెట్టింది. గులాం సాబ్ కండ్లు గట్టిగ మూసుకున్నడు. వసీం నా దిక్కు సూస్తలేడు, ఆయన దిక్కే సూస్తున్నడు. వేలు గట్లనే ఉన్నది. నరసరాజు గారి దిక్కు సూసిన, ఆయన తల దించుకున్నడు. పక్కకెల్లి జహీరాబాద్ ఆయన మెల్లగ తన క్లార్నెట్ నోట్ల పెట్టుకున్నడు. గప్పుడు వసీం వేలు లేసింది. తలుపు పడేదాక లేసే ఉన్నది.

గులాం సాబ్ క్లార్నెట్ దించి ఒంటికి ఆనిచ్చుకోని నిలవడ్డడు.

నాకు అర్థమైంది, లేసిన సురు జహీరాబాద్ ఆయనది. ఏప్రిల్‌ల క్లార్నెట్ పెట్టె మీద దుమ్ము సూసిన. పెదవి మెత్తబడ్తది అని ఆయన నోటితోని చెప్తే ఇన్న. అయినా ఆయనే వద్దన్నడు అని మూడు నెలలు పండుకున్న. ఫిబ్రవరిల నేను అన్న మాట అబద్ధం. ఐదు నెలలు దాన్ని గట్లనే ఉంచి ఉంచి నిజం చేసిన.

జనం పోయినంక ఆయన కాడికి పోయిన. ఆయన రీడు తీసి బట్టతోని తుడుస్తున్నడు. పెదవి మీద కొంచెం నెత్తురు ఉన్నది.

"ఎట్లున్నది చంద్రకాంత్?" అన్నడు.

"నాకు ఇనవడలే సాబ్," అన్న.

ఆయన రీడును డబ్బీల పెట్టి మూత పెట్టిండు.

"నాక్కూడ ఇనవడలే," అన్నడు.